అన్నయ్య ఆయాసానికి నేనిచ్చిన కణాలే కారణమా?

హనుమకొండ నుంచి ఒక ఉపాధ్యాయురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు కనుక, ఆమెను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు వదిలేసి, విషయం మాత్రం క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమె అన్నయ్యకు 41 ఏళ్ళు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి వ్యాపారం చేస్తారు. ఆయనకు అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చినప్పుడు, కీమోథెరపీ తర్వాత హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో మూలకణ మార్పిడి చేశారు. తోబుట్టువులందరికీ పరీక్షలు చేస్తే పూర్తిగా సరిపోయింది ఈ చెల్లెలు ఒక్కరే. ఇద్దరు పిల్లల తల్లి అయిన ఆమె కొన్ని రోజులు వరుసగా ఇంజెక్షన్లు వేయించుకుని, యంత్రం పక్కన గంటల తరబడి పడుకుని మూలకణాలు ఇచ్చారు. అప్పటి నుంచి ఇప్పటివరకు క్యాన్సర్ ఆనవాలు లేదు. అన్నయ్య బ్లడ్ గ్రూపు బీ పాజిటివ్ నుంచి చెల్లెలి ఓ పాజిటివ్‌కు మారితే ఇల్లంతా సంబరపడ్డారట.

గడచిన చలికాలంలో ఆయనకు పొడిదగ్గు మొదలైంది. దుకాణం మెట్లు ఎక్కితే దమ్ము వచ్చేది. మిర్చి ఘాటు వల్లనే అని ఇంటి దగ్గరి ఆర్‌ఎంపీ అన్నారు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవడంతో మరొకరు ఆస్తమా అని మందు రాశారు. నెలలు గడిచాక మార్పిడి చేసిన ఆసుపత్రికి వెళితే ‘బ్రాంకియోలైటిస్ ఆబ్లిటరాన్స్’ అని తేలింది. ఊదుడు పరీక్షలో మార్పిడికి ముందు 88 శాతం వచ్చిన అంకె 61కి పడిపోయింది. దాత కణాలు ఊపిరితిత్తుల మీద దాడి చేయడం వల్ల ఇది వస్తుందని వైద్యులు అందరి ముందూ వివరించారు. ఆ మాట ఇంట్లో ఇంకో రూపం తీసుకుంది. రాఖీ పున్నమ నాడు మేనత్త ‘నీ నెత్తురు వానికి పడలేదు బిడ్డా’ అన్నదట. వదిన కాదనలేదు. ఆ తర్వాత బతుకమ్మకు కూడా ఆమె పుట్టింటికి వెళ్ళలేదు.

అన్నయ్య మందులు సరిగా వాడటం లేదు. ముఖం ఉబ్బుతోందని స్టెరాయిడ్ మాత్ర సొంతంగా తగ్గించుకున్నారు. ఊదుడు పరీక్షకు మళ్ళీ రానంటున్నారు. కిందటిసారి దగ్గు ఆపుకోలేక ఊదలేకపోతే, అక్కడి టెక్నీషియన్ నలుగురి ముందు ‘సరిగ్గా ఊదడం కూడా రాదా’ అని కసిరారట. సంక్రాంతి దాటితే మార్కెట్‌కు మిర్చి రాక పెరుగుతుంది, ఆయన దుకాణంలో కూర్చోవాలని పట్టుబడుతున్నారు. రుక్సోలిటినిబ్ అనే ఖరీదైన మాత్ర అవసరం కావచ్చని వైద్యులు చెప్పినందువల్ల, భర్తకు చెప్పకుండా బంగారం కుదువపెట్టాలని ఈమె ఆలోచన. ‘ఈ పరిస్థితికి నేనే కారణమా? మళ్ళీ కణాలిస్తే బాగవుతుందా? ఆయనను ఎలా ఒప్పించాలి? బంగారం విషయంలో చేస్తున్నది తప్పా?’ ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీ మొదటి ప్రశ్నకు ఓదార్పు కోసం అబద్ధం చెప్పను. మీరు చదివిన మనిషి, ఇప్పటికే ఎక్కడెక్కడో చదివి ఉంటారు. మీ అన్నయ్య శరీరంలో పుడుతున్న రక్తకణాలన్నీ ఈ రోజు మీరిచ్చిన మూలకణాల సంతానమే. వాటిలోని తెల్లకణాలలో కొన్ని ఆయన ఊపిరితిత్తులలోని అతి సన్నని గాలిగొట్టాలను పరాయివిగా భావించి దెబ్బతీస్తున్నాయి. దాత కణాలు ఇలా పుచ్చుకున్నవారి శరీరం మీద దాడి చేయడాన్నే దీర్ఘకాలిక జీవీహెచ్‌డీ (గ్రాఫ్ట్ వర్సస్ హోస్ట్ డిసీజ్) అంటారు. బిడ్డలను కన్న స్త్రీ దాత అయి, పుచ్చుకున్నది పురుషుడైతే ఇది వచ్చే అవకాశం కొంత ఎక్కువన్నది కూడా నిజమే. ఎముక మూలుగు నుంచి కాకుండా, మీ దగ్గర తీసుకున్నట్టు ఇంజెక్షన్లు వేసి రక్తం నుంచి తీసిన కణాలతో కూడా ఆ అవకాశం పెరుగుతుంది. మార్పిడికి ముందు ఇచ్చే బుసల్ఫాన్ వంటి తీవ్రమైన మందులు, మార్పిడి జరిగిన తొలి నెలల్లో సోకే శ్వాసకోశ వైరస్‌లు కూడా ఇందులో పాలు పంచుకుంటాయి.

అయితే మేనత్త అన్న మాట మాత్రం నిజం కాదు. మీ నెత్తురు ఆయనకు పడింది. పడకపోయి ఉంటే తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు లేవక, ఆయన ఆసుపత్రి గది దాటి వచ్చేవారే కాదు. ఈ రక్త క్యాన్సర్‌లో మార్పిడి వల్ల కలిగే మేలు కీమోథెరపీ ఒక్కదానిదే కాదు. మిగిలిపోయిన క్యాన్సర్ కణాలను దాత తెల్లకణాలు వెతికి చంపుతాయి, ఆ చికిత్సలో సగం బలం అదే. ఏ గుణం వల్ల మీ కణాలు ల్యుకేమియాను పరాయిదిగా గుర్తించాయో, ఆ గుణం వల్లనే ఊపిరితిత్తులను కూడా అలా గుర్తిస్తున్నాయి. ఒకటి కావాలి, రెండోది వద్దు అని కోరుకునే వీలు వైద్యానికి ఇంకా పూర్తిగా చిక్కలేదు.

ఇంకొకటి కూడా గమనించండి. తోబుట్టువులలో ఒక్కొక్కరు పూర్తిగా సరిపోయే అవకాశం 25 శాతమే. మీ వయసు, మీకు పిల్లలున్న సంగతి, కణాలు ఏ పద్ధతిలో తీయాలన్న సంగతి, ఇవన్నీ తెలిసే వైద్యులు మిమ్మల్ని ఎంచుకున్నారు, ఎందుకంటే దాత కోసం ఆగితే క్యాన్సర్ ఆగదు. ఆ నిర్ణయం మీరు చేసింది కాదు, తప్పు నిర్ణయమూ కాదు. మీరు చేసింది చేయి చాపడం.

మళ్ళీ కణాలు ఇవ్వవచ్చా అన్నారు. ఈ జబ్బుకు అది మందు కాదు. దాత తెల్లకణాలను మళ్ళీ ఎక్కిస్తే జీవీహెచ్‌డీ ముదిరే ప్రమాదమే ఎక్కువ. క్యాన్సర్ తిరగబెట్టినప్పుడు వైద్యులు ఆ దారి ఆలోచిస్తారు కానీ ఇప్పుడు ఆ అవసరం లేదు. కనుక ఈ ఆలోచన పూర్తిగా పక్కన పెట్టండి.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది మీ అపరాధ భావం కాదు, నెలలు గడిచిపోవడం. ఈ జబ్బు దెబ్బతీసేది రెండు మిల్లీమీటర్ల కన్నా సన్నని గాలిగొట్టాలను. అవి మామూలు ఎక్స్‌రేలో కనబడవు. స్టెతస్కోపులో కూడా తొలి దశలో ఏమీ వినిపించకపోవచ్చు. అందుకే ఎక్స్‌రే బాగుందన్న మాట మీ ఇంట్లో అందరినీ నమ్మించింది. పొలంలోని డ్రిప్పు పైపులో ఉప్పు పేరుకుని రంధ్రాలు పూడుకుపోయినట్టు ఆ గొట్టాల లోపలి గోడలు మచ్చకట్టి మూసుకుపోతాయి. మచ్చకట్టిన భాగాన్ని తిరిగి తెరిచే మందు నేటికీ లేదు. ఆస్తమాలో పీల్చే మందు వేయగానే గొట్టాలు విప్పారి ఊపిరి తేలిక పడుతుంది. ఇక్కడ అలా పెద్దగా జరగదు. మందులు పనిచేయడం లేదని మీ అన్నయ్య అనడానికి కారణం ఇదే. ఆయన పోయిన ఊపిరి తిరిగి రావాలని చూస్తున్నారు. వైద్యులు ఉన్న ఊపిరి పోకూడదని మందులిస్తున్నారు. ఈ తేడా ఆయనకు ఎవరూ కుదురుగా కూర్చోబెట్టి చెప్పినట్టు లేదు. మీరు చేయగలిగిన మొదటి పని అదే అనుకుంటాను.

ఆ 61 అన్న అంకె ఏమిటో కూడా చెబుతాను, ఆయనతో మాట్లాడేటప్పుడు పనికివస్తుంది. నిండా గాలి పీల్చుకుని బలంగా ఊదితే, మొదటి ఒక్క సెకనులో బయటికి వచ్చే గాలి ఎంతో కొలుస్తారు. ఆ వయసు, ఆ ఎత్తు ఉన్న ఆరోగ్యవంతునితో పోల్చి శాతంలో చెబుతారు. అది 75 కన్నా తగ్గి, రెండేళ్ళలోపు 10 శాతం పైగా పడిపోయి, ఇన్‌ఫెక్షన్ లేదని తేలి, ఊపిరి పూర్తిగా వదిలినప్పుడు తీసిన సీటీలో గాలి లోపలే చిక్కుకున్నట్టు కనిపిస్తే ఈ జబ్బని నిర్ధారిస్తారు. మార్పిడి తర్వాత మొదటి రెండేళ్ళు మూడు నెలలకొకసారి ఈ పరీక్ష చేయించాలని నిపుణులు చెప్పేది ఇందుకే. ఆయాసం తెలిసేసరికే చాలా భాగం పోయి ఉంటుంది, అంకె అంతకన్నా ముందే చెబుతుంది.

పరీక్ష గదిలో జరిగినది నన్ను బాధించింది. ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టం నోట్లో పెట్టి, ‘ఊదండి, ఊదండి, ఇంకా ఊదండి’ అని ఆరు సెకన్లపాటు ఊపిరి పిండిస్తారు, అదీ మూడుసార్లకు తక్కువ కాకుండా. గాలి వదలలేకపోవడమే జబ్బు అయిన మనిషికి దగ్గు రాకుండా అది చేయడం ఎంత కష్టమో ఆలోచించండి. మార్కెట్‌లో పది మంది హమాలీలకు పని చెప్పే మనిషిని అలా కసిరితే మళ్ళీ ఆ గడప తొక్కడానికి మనసు రాదు. ఆయన మొండితనం అని మీరు రాసినదాన్ని నేను అవమానం అంటాను. దీనికి రెండు మూడు దారులున్నాయి. మార్పిడి వైద్యునికి జరిగింది చెప్పి, ఈసారి ఇంకొక టెక్నీషియన్‌తో, తొందర లేని సమయంలో చేయించమని అడగవచ్చు. వైద్యులు దీన్ని తప్పుగా తీసుకోరు, వారికీ సరైన అంకె కావాలి. లేదా నడుమనడుమ చేసే ఊదుడు పరీక్ష హనుమకొండలోనే ఊపిరితిత్తుల వైద్యుని దగ్గర చేయించి, ఆ కాగితం ఫొటో హైదరాబాద్‌కు పంపవచ్చు. దీనివల్ల ప్రయాణం తప్పుతుంది కానీ, యంత్రం మారితే అంకెలో కొద్ది తేడా వస్తుంది కనుక ప్రతిసారీ ఒకే చోట చేయించాలి. సీటీ, మిగతా పెద్ద పరీక్షలు మాత్రం మార్పిడి చేసిన చోటే మేలు. ఇంట్లోనే ఊదే చిన్న స్పైరోమీటర్లు కూడా దొరుకుతాయి. వారానికొకసారి ఊది, పుస్తకంలో తేదీ వేసి రాసుకుంటే పడిపోవడం ముందుగా తెలుస్తుంది. లెక్కలు రాయడం అలవాటైన వ్యాపారికి ఇది నచ్చవచ్చు. అయితే ఇంటి అంకె ఆసుపత్రి అంకెకు బదులు కాదు, అది తగ్గితే వెంటనే బయలుదేరడానికి ఒక గుర్తు మాత్రమే.

మందుల గురించి కొంచెం వివరంగా రాస్తాను. ఆయనకు రాసినవి పీల్చే స్టెరాయిడ్, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్, మాంటెలుకాస్ట్, కొంతకాలం ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర అని మీరు చెప్పారు. ఇది పేరున్న పద్ధతే. 2016లో వెలువడిన అధ్యయనంలో 36 మందికి ఈ కలయిక ఇస్తే, మూడు నెలల తర్వాత ఊపిరితిత్తుల సామర్థ్యం ఇంకా బాగా పడిపోయినవారు 6 శాతమే. అంతకు ముందు రోగులలో అది 40 శాతం దాకా ఉండేది. కనుక ఒక నెల చూసి మానేయడం న్యాయం కాదు, మూడు నెలల అంకె చూశాకే ఏమైనా అనాలి. పీల్చే మందు తర్వాత ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మాలి, లేకుంటే నోట్లో తెల్లపూత వస్తుంది. ఆయన పచ్చిపులుసులో కారం కూడా తగలనీయడం లేదని మీరు మాటవరసకు రాశారు. మిర్చి మధ్య పుట్టి పెరిగిన మనిషి నాలుక కారానికి భగ్గుమంటోందంటే, అది ఆ తెల్లపూత కావచ్చు, నోటికి కూడా జీవీహెచ్‌డీ సోకిన గుర్తూ కావచ్చు. కళ్ళు పొడిబారి మంట పుడుతున్నాయేమో కూడా అడగండి. ఇవి వైద్యులకు తప్పక చెప్పవలసినవి. ఊపిరితిత్తుల బాధ ముందు నోటి మంట చిన్నదనుకుని రోగులు వదిలేస్తారు.

స్టెరాయిడ్ సొంతంగా తగ్గించినది రేపే ఫోన్ చేసి చెప్పించండి. నెలల తరబడి వాడిన ప్రెడ్నిసొలోన్‌ను హఠాత్తుగా ఆపితే, శరీరం తనంతట తాను తయారుచేసుకోవలసిన స్టెరాయిడ్ సమయానికి అందక మనిషి కుప్పకూలిపోవచ్చు. ముఖం ఉబ్బుతోందన్నది సరైన ఫిర్యాదే. దానికి వైద్యులు నెమ్మదిగా మోతాదు దించే దారి చూస్తారు. ఇంకొక మాట: రాత్రిళ్ళు నిద్రలేచి విసుక్కుంటున్నారనీ, ముందెన్నడూ అలా లేరనీ రాశారు. స్టెరాయిడ్‌తో ఇది మామూలే. మాంటెలుకాస్ట్ కొందరిలో మనోస్థితిని మారుస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో గట్టి హెచ్చరిక జారీ చేసింది. ఆయన కోపమంతా మీ మీదనో, వదిన మీదనో అనుకోకముందు ఈ సంగతి వైద్యునికి చెప్పండి, మందు మార్చవచ్చు. అలాగే దగ్గు ఎక్కువైనప్పుడు మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ అదనంగా కొని వేసుకోవడం, ఎవరో చెప్పారని నాటు మందు మింగడం ఆపించండి. జబ్బు రాకముందే నివారణ కోసం అజిత్రోమైసిన్ ఇచ్చిన అధ్యయనంలో క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువైందని 2017లో తేలింది. జబ్బు వచ్చాక వాడటం వేరు సంగతి. ఎంత, ఎంతకాలం అన్నది ఆ లెక్క తెలిసిన వైద్యుడే నిర్ణయించాలి.

ఇవన్నీ వివరించాక కూడా ఆయన రానంటే? నిర్ణయం ఆయనదే, అది గౌరవించక తప్పదు. అయితే అడిగే మనిషిని మార్చి చూడవచ్చు. మీరు అడిగితే, తన వల్ల చెల్లెలు నలిగిపోతోందన్న బాధ ఆయనకు అడ్డు వస్తుందేమో. తండ్రి వయసు వ్యాపార మిత్రుడో, ఆయన నమ్మే వైద్యుడో చెబితే వినవచ్చు. అందరూ కలిసి చుట్టూ కూర్చుని ఒత్తిడి చేస్తే ఒకసారి వస్తారు, రెండోసారి ఫోన్ ఎత్తరు. ‘క్యాన్సర్ తిరిగి వచ్చిందని చెబుతారేమో’ అన్న భయం ఆయన మనసులో ఉండి ఉండవచ్చు. దాన్ని ముందుగా ఆయన నోట అనిపించగలిగితే సగం దారి నడిచినట్టే.

మార్కెట్ సంగతికి వస్తే, మిర్చి దుమ్ము ఈ జబ్బును పుట్టించలేదు. కానీ మిగిలిన ఊపిరితో ఉన్న మనిషి తేజా రకం మిర్చి బస్తాలు విప్పుతున్న చోట కూర్చోవడం వేరే ప్రమాదం. ఘాటుకు దగ్గు తెరలు వస్తాయి. నిల్వ ఉన్న పంటలో, తడిసిన బస్తాలలో బూజు ఉంటుంది. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారి ఊపిరితిత్తులలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్ తెస్తుంది. అట్లాగని దుకాణం మూయమనడం కూడా సులభం కాదు, ఆ ఇంటికి అదే ఆధారం, ఆయనకు అదే గౌరవం. కొనుగోళ్ళ బేరం, రైతుల చెల్లింపులు, పద్దు పుస్తకాలు ఇంటి నుంచి ఫోన్ మీద చూస్తూ, యార్డులో నమ్మకస్తుణ్ణి ఉంచడం ఒక దారి. దీనిలో కొంత ఆదాయం, కొంత పట్టు పోతాయి. వేలం ముగిసి దుమ్ము అణిగాక, ఎన్95 మాస్క్ బిగించుకుని కొద్దిసేపు వెళ్ళిరావడం ఇంకో దారి. ప్రమాదం తగ్గుతుంది కానీ పోదు. మార్పిడి వైద్యుని అనుమతి లేకుండా ఈ సీజన్‌లో రెండోదానికి నేనైతే ఒప్పుకోను. అన్నిటికన్నా, ఆయనను కదలకుండా కుర్చీకి కట్టేయకండి. ఊపిరితిత్తులకు తగిన వ్యాయామ శిక్షణ ఇప్పించండి, రోజూ మెల్లగా నడిపించండి. గొట్టాలు తెరుచుకోకపోయినా కండరాలు బలపడి అదే ఊపిరితో ఎక్కువ దూరం నడవగలుగుతారు.

బంగారం గురించి. రుక్సోలిటినిబ్‌ను స్టెరాయిడ్‌తో లొంగని దీర్ఘకాలిక జీవీహెచ్‌డీకి 2021లో అమెరికాలో అనుమతించారు. మంచి మందే, కానీ ఈ రోజే కొనవలసిన మందని మీ ఉత్తరం చెప్పడం లేదు. మొదటి మందులు సరిగా వాడి చూడకుండా రెండో మందుకు బంగారం కుదువపెట్టడం తొందరపాటు. పైగా అది నెలనెలా కొనవలసినది, రక్తకణాలు తగ్గకుండా తరచూ పరీక్షలు చేయిస్తూ వాడవలసినది. బంగారం మీద వచ్చే డబ్బు కొన్ని నెలలకు అయిపోతుంది. అప్పుడు మీ భర్తకు తెలిస్తే, ఆయన కోపం డబ్బు మీద కాక దాపరికం మీద ఉంటుంది, అది మీ అన్నయ్య మీదికి మళ్ళుతుంది. ముందుగా చెబితే ఆయన కాదనవచ్చు, నిజమే. అప్పుడు మీ జీతం నుంచి నెలకు ఇంతని బాహాటంగా ఇవ్వడానికైనా ఒప్పించవచ్చు. అంతకన్నా ముందు చూడవలసినవి ఉన్నాయి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఈ మందు, ఈ పరీక్షలు దానిలోకి వస్తాయా లేదా ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. రాకపోతే బిల్లులతో ముఖ్యమంత్రి సహాయ నిధికి మీ ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టండి. తయారీ సంస్థల రాయితీ పథకాల సంగతి మార్పిడి విభాగం సమన్వయకర్తకు తెలిసి ఉంటుంది. ఈ తిరుగుడు పని మీరు తీసుకుంటే, అది మీ గాజుల కన్నా ఎక్కువ కాలం ఆయనకు పనికివస్తుంది.

వదిన మౌనాన్ని మీరు నింద అనుకున్నారు. అయి ఉండవచ్చు. భర్త ఊపిరి రాత్రంతా వింటూ పడుకునే మనిషికి ఆ క్షణంలో మేనత్తకు బదులు చెప్పే ఓపిక లేకపోయి ఉండవచ్చు కూడా. ఆమెతో ఒంటరిగా కూర్చుని ‘ఆ మాట నాకు గుచ్చుకుంది వదినా’ అని చెప్పండి. మేనత్తతో వాదించనవసరం లేదు. తర్వాతిసారి వైద్యుని దగ్గరికి మీరిద్దరూ కలిసి వెళ్ళి, మీ నెత్తురు అన్నయ్యకు పడిందన్న సంగతి ఆ వైద్యుని నోటనే వినడం మంచిది.

పుట్టింటికి వెళ్ళకపోవడం మాత్రం మానండి. పిల్లలకు జలుబు, దగ్గు ఉంటే తగ్గేదాకా ఆగండి. రెండు ఇళ్ళలోనూ అందరూ ఏటా ఫ్లూ టీకా వేయించుకోండి. మీ అన్నయ్యకు ఏ టీకాలు ఎప్పుడన్నది మార్పిడి వైద్యులే చెప్పాలి, బతికున్న క్రిములతో చేసిన టీకాలు ఈ స్థితిలో ఆయనకు వేయకూడదు. ఆయనకు మూలకణ మార్పిడి జరిగిందనీ, స్టెరాయిడ్ మీద ఉన్నారనీ, ఏ మందులు వాడుతున్నారో, మార్పిడి విభాగం ఫోన్ నంబరు ఏమిటో ఒక కాగితం మీద రాసి, ఒక ప్రతి ఆయన జేబులో, ఒకటి వదిన దగ్గర ఉంచండి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా చూడకుండా ఆ నంబరుకు ఫోన్ చేయండి. హైదరాబాద్ చేరేలోగా దమ్ము ఎక్కువైతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి అయినా, దగ్గరలోని మరే పెద్ద ఆసుపత్రి అయినా ముందు అక్కడికి తీసుకువెళ్ళి, డ్యూటీ డాక్టర్ చేతిలో మొదట ఆ కాగితం పెట్టండి.